తెగని ధార

ఊరు విడిచి పొరుగూరు పోయేవారికి మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్త నీటిని గురించినదే. తిండి విషయంలో ఎలాగో సర్దుకోవచ్చు. నిద్ర ఒకపూట తక్కువైనా ప్రమాదం లేదు. కాని నీళ్ళు పడాలి. పరాయి ఊరిలో జ్వరం తగిలినా, అజీర్తి చేసినా, తల వెంట్రుకలు రాలినా "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అని ఒక్క మాటతో కారణం తేల్చివేయడం తెలుగువారికి తరతరాలుగా వచ్చిన అలవాటు. హిందీవారు ఇదే భావాన్ని "పానీ లగ్‌నా" అంటారు. ఆ చోటి నీరు మనిషికి తగులుకొన్నదని దాని తాత్పర్యం. మాటలు వేరైనా, రెండు భాషల వెనుక ఉన్న అనుభవం ఒక్కటే. మనిషి కొత్తచోటికి చేరినపుడు ఆ చోటు అతనిలో ప్రవేశించే తొలి ద్వారం నీరు.

హిందీ నుంచి తెలుగులోకి పుస్తకాలు అనువదించడం పాతికేళ్ళుగా నా వ్యాసంగం. ఈ పనిలో నన్ను నీటి నుడికారాలు పెట్టినంత ఇబ్బంది మరేవీ పెట్టలేదు. "ఘాట్ ఘాట్ కా పానీ పీనా" అని హిందీలో ఒక పలుకుబడి కలదు. నానా రేవుల నీళ్ళు తాగినవాడంటే లోకం చూచినవాడు, అనుభవశాలి, ఒకరి మాటలకు తేలికగా లొంగనివాడు అని అర్థం. తెలుగులో దీనికి సమీపంగా ఏమున్నదని వెదికితే "మూడు చెరువుల నీళ్ళు తాగించడం" దొరుకుతుంది. కాని దాని అర్థం పూర్తిగా వేరు. మూడు చెరువుల నీళ్ళు తాగినవాడంటే ముప్పుతిప్పలు పడినవాడు. ఒక భాషలో అనేక స్థలాల నీరు తాగడం జ్ఞానం. మరొక భాషలో అదే పని యాతన. ఈ రెండింటిలో ఏది సత్యమని ఎవరైనా అడిగితే, పరదేశవాసం చేసే వరకూ నేను జవాబు చెప్పగలిగేదానను కాను. రెండూ సత్యమేనని ఇప్పుడు చెప్పగలను.

పరదేశంలో కుళాయి నీరు తాగవచ్చునా అన్నది పైకి చిన్న ప్రశ్న. ప్రయాణానికి సిద్ధమయ్యే ప్రతివారూ దానిని అడుగుతారు. అడిగినవారికి జవాబు కూడా వెంటనే దొరుకుతుంది. ఫలానా దేశంలో నిర్భయంగా తాగవచ్చును, ఫలానా దేశంలో ముట్టరాదు అని దేశాలను రెండు వరుసలుగా నిలబెట్టి చెప్పేవారికి కొదువ లేదు. నాలుగు దినాలు ఉండి పోయే యాత్రికునికి ఆ జవాబు చాలును. నివసించడానికి వెళ్ళినవారికి అది చాలదు. నివాసి ప్రతిదినమూ పదిసార్లు ఆ నీటితో వ్యవహరించాలి. పళ్ళు తోముకోవాలి, కూరలు కడగాలి, పసిబిడ్డకు పట్టాలి, పొరుగింటివారు ఇస్తే పుచ్చుకోవాలి. దేశం పేరు చెప్పినంత మాత్రాన గ్లాసులోని నీటి చరిత్ర తెలియదు.

నేను 2017లో ఒక విద్యాసంస్థలో హిందీ అనువాద పాఠాలు చెప్పే నిమిత్తం నేపాల్ వెళ్ళి, ఖాట్మండును ఆనుకొని ఉన్న పాటన్ పట్టణంలో రెండేళ్ళు నివసించాను. లలితపురమని ఆ పట్టణానికి మరొక పేరు. నేవారీ కుటుంబం ఒకటి తమ ఇంటి రెండవ అంతస్తు నాకు అద్దెకు ఇచ్చింది. వెళ్ళిన మొదటి వారంలోనే కుళాయి నీటిని గురించి నలుగురిని అడిగాను. మన దేశం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దమనిషి "పెదవికి కూడా తాకనివ్వకండి" అన్నారు. వీధి చివర దుకాణదారు నవ్వి, "మేమంతా ఈ నీళ్ళతోనే పెరిగాము" అన్నాడు. కళాశాలలో ఒకరు ఇరవై లీటర్ల జాడీలు కొనుక్కొమ్మన్నారు. ఇంటి యజమానురాలిని అడిగితే ఆమె జవాబు చెప్పక, వంటింట్లోకి తీసుకువెళ్ళి పొయ్యి మీద తెర్లుతున్న గిన్నెను చూపించింది. ఆమెను వీధిలో అందరూ "ఆమా" అంటారు. నేపాలీలో ఆమా అంటే అమ్మ. నేనూ అలాగే పిలిచాను.

అక్కడ కుళాయిని "ధారా" అంటారని తెలిసినప్పుడు అనువాదకురాలినైన నాకు ముచ్చట వేసింది. మనకు కోస్తాలో కుళాయి, తెలంగాణలో నల్లా, హిందీవారికి నల్. వీటిలో గొట్టమే కనిపిస్తుంది గాని నీరు కనిపించదు. నేపాలీవారి మాటలో నీరు ఉన్నది, నీటి ప్రవాహమూ ఉన్నది. ధార అన్న సంస్కృత పదానికి తెలుగులో ఎంత గౌరవం! ధారాదత్తం చేయడం, ధారాళంగా మాట్లాడడం, తైలధారవంటి ధ్యానం. అన్నింటిలోనూ తెగనిది అన్న భావమే ప్రధానం. అయితే మా ఇంటి ధార అయిదు దినాలకొకసారి వచ్చి, రెండు గంటలు ప్రవహించి, తెగిపోయేది. వచ్చిన నీటిని నేలలోని తొట్టిలోనికి పట్టి, మోటారుతో మేడమీది ట్యాంకుకు ఎక్కించి, అక్కడి నుంచి తిరిగి కుళాయిలకు దించుకొనేవారు. వేసవిలో అదీ చాలక ట్యాంకరు బండిని పిలిచేవారు. కుళాయి తిప్పితే నీరు వచ్చేది. కాని ఆ నీరు ఎన్నడు బయలుదేరినదో, ఎక్కడెక్కడ ఆగినదో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఆ ఊరిలో ధార అనే మాటకు మరొక పురాతన రూపం ఉన్నది. వీధుల నడుమ, నేలమట్టానికి బాగా దిగువను, మెట్లు దిగి వెళ్ళే రాతి కట్టడాలు కనిపిస్తాయి. మకరముఖాలుగా చెక్కిన రాతి తూముల నుంచి నీరు జాలువారుతూ ఉంటుంది. నేపాలీలో వాటిని "ఢుంగే ధారా" అనీ, నేవారీలో "హిటి" అనీ అంటారు. పాటన్ రాజమందిరాల చౌకంలోని మంగ హిటి క్రీ.శ. 570 నాటిదని ప్రతీతి. కొండ పాదాల నుంచి కాలువల ద్వారా చెరువులలోనికి నీరు తెచ్చి, భూమిలోనికి ఇంకించి, ఇసుక, కంకర, బొగ్గు పొరల గుండా వడకట్టి తూములకు అందించేవారు. వానలు రావడానికి ముందు జ్యేష్ఠ శుద్ధ షష్ఠినాడు "సిఠీ నఖా" అనే పండుగ చేసి బావులను, కోనేళ్ళను, ధారలను ఊరంతా కలిసి శుభ్రం చేయడం నేవారుల ఆచారం. పూజ పేరిట వారు చేస్తున్నది నీటి పర్యవేక్షణ. ఆ పని ఏటేటా తప్పకుండా జరగడానికి పండుగను మించిన కట్టుబాటు లేదని పూర్వులు గ్రహించినట్లున్నది.

అయినంత మాత్రాన పూర్వపుదంతా పవిత్రమని, నవీనమంతా కలుషితమని నేను చెప్పబోవడం లేదు. నగరం పెరిగి, కాలువలు తెగి, చెరువులు పూడి, మురుగు గుంతలు పక్కపక్కనే వెలసిన తరువాత ఆ రాతిధారలలో చాలా వరకు ఎండిపోయాయి. ప్రవహిస్తున్నవాటిలో అనేకం పరీక్షలలో తాగడానికి పనికిరానివని తేలాయి. చెక్కడం చెడలేదు, మకరముఖం మారలేదు. భూమి లోపలి మార్గం మాత్రం మారిపోయింది. నీరు చెడేది దారిలోనే అని నాకు మొదట నేర్పినవి ఆ రాతి తూములే.

దారిలో నీరు ఎలా చెడుతుందో మా కళాశాలలో ఇంజనీరింగు చెప్పే ఒక ఆచార్యులు నాకు విశదపరిచారు. శుద్ధి కేంద్రంలో నీటిని వడకట్టి, క్లోరిన్ కలిపి విడుదల చేస్తారు. అక్కడ పట్టి చూస్తే ఆ నీరు చాలాసార్లు నిర్దోషంగానే ఉంటుంది. ఆపైన అది భూమిలోని గొట్టాల గుండా మైళ్ళకొద్దీ ప్రయాణం చేయాలి. పాత గొట్టాలకు బీటలు ఉంటాయి. వాటి పక్కనే మురుగు కాలువలు ఉంటాయి. గొట్టంలో నీరు నిండుగా, ఒత్తిడితో ప్రవహిస్తున్నంతసేపు లోపలి నీరు బీటల గుండా బయటకు కారుతుందే తప్ప బయటిది లోనికి రాలేదు. సరఫరా ఆపిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది. ఖాళీ అయిన గొట్టం చుట్టూ ఉన్న మురుగు తడిని లోనికి పీల్చుకొంటుంది. తిరిగి నీరు విడిచినపుడు ఆ మాలిన్యమే ముందుగా మన ఇంటికి చేరుతుంది. కనుక ఇరవైనాలుగు గంటలూ నీరు వచ్చే కుళాయికీ, అయిదు దినాలకొకసారి వచ్చే కుళాయికీ ఉన్న భేదం సౌకర్యానికి మాత్రమే సంబంధించినది కాదు, ఆరోగ్యానికి కూడా సంబంధించినది. ధార తెగినచోటనే విషం చేరుతుంది. భాషలో ఆ మాటకు తెగనిదన్న అర్థం కల్పించినవారికి ఈ శాస్త్రం తెలియకపోవచ్చు. కాని వారి మాట శాస్త్రానికి సరిపోయింది.

పరదేశంలో చాలామంది నీటిని కంటితోను నాలుకతోను పరీక్షిస్తారు. తేటగా ఉన్నదా, తియ్యగా ఉన్నదా అని చూచి తృప్తి పడతారు. మన మాటలే మనకు ఆ అలవాటు చేశాయి. తాగే నీటిని తెలుగులో మంచినీళ్ళు అంటాము. హిందీలో "మీఠా పానీ" అంటారు. తియ్యనిదే మంచిదని ఇద్దరమూ తీర్మానించుకొన్నాము. కాని 1854లో లండనులోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా చెలరేగినపుడు జాన్ స్నో అనే వైద్యుడు గమనించిన ఒక సంగతి ఈ తీర్మానాన్ని తలకిందులు చేస్తుంది. ఆ వీధికి దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక వృద్ధ వితంతువు కలరాతో మరణించింది. ఆ చుట్టుపక్కల మరెవరికీ ఆ వ్యాధి లేదు. విచారించగా, పూర్వం బ్రాడ్ స్ట్రీట్‌లో నివసించిన ఆమెకు అక్కడి పంపునీటి రుచి ఎంతో ఇష్టమని, దినదినమూ బండి మీద ఆ నీటిని సీసాలో తెప్పించుకొనేదని తెలిసింది. రుచియే ఆమెకు మృత్యువైంది.

కంటి పరీక్ష కూడా ఇంతే. బంగ్లాదేశ్‌లో చెరువునీటి వలన వచ్చే అతిసారం నుంచి బిడ్డలను కాపాడడానికి లక్షలాది గొట్టపు బావులు వేశారు. వాటి నీరు తేటగా, చల్లగా ఉండేది. 1993లో ఆ నీటిలో ఆర్సెనిక్ బయటపడింది. తరువాత బావులను పరీక్షించి, పనికిరాని వాటికి ఎర్రరంగు, పనికివచ్చే వాటికి ఆకుపచ్చరంగు వేశారు. నీటికి లేని రంగును పంపుకు వేయవలసి వచ్చింది. మన నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు నీరూ చూపుకు నిర్మలమైనదే. ఎముకలు వంకరపోయిన తరువాత గాని దాని గుణం తెలియలేదు.

ప్రభుత్వ పరీక్ష జరిగినంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునా అంటే, దానికి ఢిల్లీ చరిత్ర జవాబు చెబుతుంది. 1955 చివర యమున దారి మారి, నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు వజీరాబాద్‌లో నగరానికి నీరు తోడే చోటికి ఎదురెక్కింది. అధికారులు గమనించి క్లోరిన్ పాలు పెంచారు. బాక్టీరియా పరీక్షలలో నీరు నెగ్గింది. కలరా గాని, టైఫాయిడ్ గాని విజృంభించలేదు. కాని 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఆ నగరంలో 29 వేలమందికి పైగా కామెర్ల పాలయ్యారు. ఆనాటి పరీక్షలకు అందని సూక్ష్మజీవి ఆ నీటిలో ఉన్నది. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్, ఆఫ్ఘనిస్తాన్‌లో కామెర్లు సోకిన సైనికుల నమూనాలను తానే స్వయంగా మింగి, వ్యాధి తెచ్చుకొని, ఆ జీవిని కంటితో చూడగలిగాడు. దానినే ఇప్పుడు హెపటైటిస్ ఇ అంటున్నారు. ఢిల్లీలో భద్రపరచిన నాటి రక్త నమూనాలను అనంతరం పరీక్షించి, 1955 నాటి దోషి అదేనని నిర్ణయించారు.

ఈ వ్యాధి నేపాల్‌కు కొత్తది కాదు. 2014లో బిరాట్‌నగర్‌లో వేలాదిమందికి సోకినది ఇదే. సామాన్యంగా కొన్ని వారాలలో తగ్గిపోతుంది గాని, గర్భిణులకు మాత్రం కాలసర్పం వంటిది. చివరి మూడు నెలలలో సోకినవారిలో నూటికి ఇరవై, ఇరవై అయిదుగురు వరకు మరణించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2018 వానాకాలంలో మా ఆమా కోడలు ఏడవ నెల గర్భవతి. ఆ నెలలో వీధిలో రెండిళ్ళలో కామెర్లు కనిపించాయి. హెపటైటిస్ అనే పేరు ఆమాకు తెలియదు. కాని ఆ వార్త విన్ననాటి నుంచి ఆ ఇంట కోడలికి ఇచ్చే ప్రతి చుక్కా తానే కాచేది. పళ్ళు తోముకొనే చెంబులోను, పళ్ళు కడిగే గిన్నెలోను కాచి చల్లార్చిన నీరే పోసేది. కరెంటు పోయిన రాత్రి, గ్యాసు నిండుకొన్న రాత్రి కూడా కట్టెలు రాజేసి కాచేది. బజారులో కొన్న జాడీని ఆమె నమ్మలేదు. ఆ జాడీల నీటిలో కొన్ని పరీక్షలకు నిలవలేదని అప్పుడప్పుడు వార్తలు వస్తూనే ఉండేవి. దసరా దాటిన తరువాత ఆ ఇంట ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

కాచడాన్ని గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. ఖాట్మండు లోయ సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ నీరు 95 డిగ్రీల దగ్గరనే తెర్లుతుంది. ఆ వేడి చాలునా అని నాకు సందేహం కలిగింది. చాలును. బాగా తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచితే రోగకారకమైన సూక్ష్మజీవులు నశిస్తాయి. 2,000 మీటర్లు దాటిన చోట మూడు నిమిషాలు ఉంచడం మేలు. కాని కాచడం వలన ఆర్సెనిక్ పోదు, సీసం పోదు, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ అవి మరికొంత చిక్కబడతాయి. కాచిన నీటిని మూతలేని బిందెలో పోసి, అందరూ చేయి ముంచి తీసుకొంటే కాచిన శ్రమ వ్యర్థం. జబ్బు ఏదో తెలిస్తే గాని మందు తెలియనట్లే, ఆ ఊరి నీటిలోని దోషమేదో తెలిస్తే గాని ఉపాయం తెలియదు.

ఇంతవరకు శాస్త్రం. ఇక మర్యాద సంగతి. మన దేశంలోను, నేపాల్‌లోను ఇంటికి వచ్చినవారికి ముందుగా ఇచ్చేది నీరే. ఆ గ్లాసును పక్కకు నెట్టడం సామాన్యమైన పని కాదు. దాని వెనుక ఒక చీకటి చరిత్ర ఉన్నది. జంగ్ బహదూర్ రాణా కాలంలో, 1854లో నేపాల్ ప్రభుత్వం చేసిన "ములుకీ ఐన్" అనే శాసనం ప్రజలను నీటితోనే విభజించింది. కొన్ని కులాలు "పానీ చల్నే", అంటే నీరు పుచ్చుకోదగినవారు. కొన్ని "పానీ నచల్నే", అంటే నీరు పుచ్చుకోరానివారు. స్నో వైద్యుడు లండనులో నీటిలోని విషాన్ని వెదుకుతున్న ఆ సంవత్సరంలోనే, హిమాలయాల చెంత ఒక రాజ్యం మనిషి చేతిలో విషం ఉన్నదని శాసనం వ్రాసుకొన్నది. 1963లో వచ్చిన కొత్త ములుకీ ఐన్ ఆ విభజనను తొలగించింది. 2011 చట్టం అంటరానితనాన్ని దండనీయమైన నేరంగా ప్రకటించింది. మనకూ ఇందులో ఇతరులను నిందించే హక్కు లేదు. ఊరి చెరువు నీరు తాగే హక్కు కోసం 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో వేలమందిని నడిపించవలసి వచ్చిన దేశం మనది.

నాతో పనిచేసే ఒక యువ అధ్యాపకురాలు ఆ పాత శాసనం నీరు పుచ్చుకోరాదన్న వర్గంలో పుట్టినది. ఆ సంగతి ఆమే ఒకనాడు పాఠం నడుమ విద్యార్థులకు చెప్పగా విన్నాను. తిహార్ పండుగకు నన్ను తన ఇంటికి పిలిచింది. కూర్చున్న వెంటనే స్టీలు గ్లాసులో నీరు తెచ్చి నా చేతికి ఇచ్చింది. నేను ఎవరింటికి వెళ్ళినా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఇక్కడ దానిని అడగడమా, మానడమా? అడిగితే ఆమెకు ఏ గాయం రేగుతుందో! అడగక తాగితే, ఆమెను మాత్రం మిగిలినవారి నుంచి వేరుగా చూచినట్లు కాదా? చివరకు ఎప్పటివలెనే అడిగాను.

"ఇది ఉమాలేకో పానీయేనా, బహినీ?"

కాచిన నీళ్ళేనా చెల్లీ, అని దాని అర్థం. ఆమె నవ్వింది. "అడిగారు, మంచిపని చేశారు దీదీ. మా ఇంట్లో పచ్చినీళ్ళు ఎవరమూ తాగము. మీకు ఇచ్చినవి నా కొడుక్కి ఇచ్చేవే. అడగకుండా, ఏమీ అనకుండా గ్లాసును మెల్లగా పక్కన పెట్టేసేవారు కొందరుంటారు. వాళ్ళను చూస్తేనే నాకు మా అమ్మమ్మ చెప్పిన రోజులు గుర్తుకు వస్తాయి."

ఆ నీరు తాగాను. ఆనాడు నాకు ఒక సూత్రం దొరికింది. సూక్ష్మజీవికి కులం లేదు. కనుక నీటి జాగ్రత్తకు కూడా కులం ఉండరాదు. అందరిళ్ళలోనూ ఒకే ప్రశ్న అడిగితే అది జాగ్రత్త. కొందరి ఇళ్ళలో మాత్రమే అడిగితే అది మరొకటి. దానికి శాస్త్రం పేరు పెట్టి దాచరాదు. పరదేశంలో ఉన్నవారు అక్కడి నీటిని సందేహించవచ్చు, అక్కడి మనుషులను అవమానించరాదు. ఈ రెండింటి నడుమ ఉన్న సరిహద్దు మౌనంలో చెరిగిపోతుంది. సూటిగా, ఆప్యాయంగా అడిగిన ప్రశ్నలో నిలుస్తుంది.

పేదదేశాల నీరే అనుమానించదగినదని, సంపన్నదేశాల కుళాయికి నమస్కరించి తాగవచ్చునని అనుకొనేవారి కోసం మరి రెండు నగరాల కథ చెబుతాను. 2019లో అనువాదకుల సమావేశం ఒకదానికి ఆస్ట్రియా రాజధాని వియన్నాకు వెళ్ళి కొన్ని వారాలు ఉన్నాను. అక్కడ కుళాయి నీటిని గురించి అడిగితే ఆ ఊరివారు గర్వంతో కొండలవైపు చేయి చూపుతారు. 1873 వేసవిలో ప్రపంచ ప్రదర్శన జరుగుతూ ఉండగానే ఆ నగరాన్ని కలరా పీడించింది. ఆ సంవత్సరం అక్టోబరులో ఆల్ప్స్ పర్వతాల ఊటనీటిని నగరానికి తెచ్చే మొదటి కాలువ ప్రారంభమైంది. రెండవది 1910లో వచ్చింది. ఎత్తునుంచి పల్లానికి తనంత తానుగా ప్రవహించి ఆ నీరు ఇళ్ళకు చేరుతుంది. ఊటలు పుట్టే అడవులను, కొండలను చట్టంతో కాపాడుతున్నారు. తాగరాని నీరు వచ్చే చోట "కైన్ ట్రింక్‌వాసర్", తాగునీరు కాదు అని ఫలకం పెడతారు. తాగవచ్చునన్నదే అక్కడ సామాన్య ధర్మం, తాగరాదన్నది అపవాదం. ఆ నమ్మకం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకటిన్నర శతాబ్దం తెగకుండా కాపాడుకొంటే వచ్చింది.

అమెరికాలోని ఫ్లింట్ నగరం కథ వేరు. అక్కడ కుళాయి ఎన్నడూ ఆగలేదు, ఒత్తిడి తగ్గలేదు. కాని 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకొనడానికి నీటిని తెచ్చే చోటు మార్చి, ఫ్లింట్ నది నీటిని విడిచారు. గొట్టాల లోపలి భాగం తినివేయబడకుండా కలపవలసిన ద్రవ్యాన్ని కలపలేదు. పాత గొట్టాలలోని సీసం నీటిలో కరిగి బిడ్డల రక్తంలో చేరింది. నీటి రంగు, వాసన మారాయని ప్రజలు మొరపెట్టుకొంటూ ఉంటే నెలల తరబడి వారికి అభయం చెప్పారు. 2015 అక్టోబరులో గాని పాత సరఫరాకు మరలలేదు. గొట్టంలో ధార తెగలేదు. బాధ్యత అనే ధార తెగింది. ఫ్లింట్‌లో కుళాయి తిప్పినవారు ప్రపంచంలోని అతి సంపన్న దేశపు పౌరులు. దేశం పేరు వారిని కాపాడలేదు.

కనుక పరాయి చోట కాపురం పెట్టేవారు దేశాన్ని గురించి అడగడానికి మారుగా తమ ఇంటి కుళాయిని గురించి అడగాలి. నీరు ఎక్కడి నుంచి వస్తున్నది? దినమంతా వస్తుందా, విడతలుగా వస్తుందా? వీధి గొట్టం నుంచి నేరుగా వస్తుందా, మేడమీది ట్యాంకులో నిలిచి వస్తుందా? ఆ ట్యాంకును కడిగి ఎన్నాళ్ళయింది? ఇల్లు పాతదైతే గొట్టాలు ఏ లోహానివి? ఆ నీటిని పరీక్షించేవారెవరు, ఫలితాలను ప్రజలకు చెబుతారా? పక్కింటివారు తమ పసిబిడ్డకు ఏ నీరు పడుతున్నారు? వీటిలో చివరి ప్రశ్నకు వచ్చే జవాబు తక్కినవాటికన్న నమ్మదగినది. "మేమంతా తాగుతున్నాము" అనే దుకాణదారు మాటలో అబద్ధం లేకపోవచ్చు. అతని శరీరం చిన్ననాటి నుంచి ఆ నీటితో కొంత రాజీపడి ఉండవచ్చు. కాని తమ బిడ్డ విషయంలో ఎవరూ డాంబికానికి పోరు. మరి రెండు చిన్న జాగ్రత్తలు ఏ దేశంలోనైనా పనికివస్తాయి. వేడినీటి కుళాయి నుంచి తాగే నీరు పట్టరాదు. వేడి లోహాన్ని త్వరగా కరిగిస్తుంది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని ఉదయం కొంత పారబోసి తరువాత పట్టుకోవాలి. ఇక నీటిలో పలుచగా క్లోరిన్ వాసన వస్తే ముఖం చిట్లించుకోనవసరం లేదు; కాపలా ఇంకా దిగిపోలేదని ఆ వాసన చెబుతున్నది.

నేను పాటన్‌లో ఉన్న రోజులలో అక్కడివారు మేలమ్చీ నీటిని గురించి మాట్లాడుకొనేవారు. కొండలకు ఆవల పారే మేలమ్చీ నదిని ఇరవై ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగం ద్వారా లోయలోనికి తెచ్చే పథకమది. దినానికి 17 కోట్ల లీటర్లు వస్తాయని అంచనా. దశాబ్దాల తరబడి ఎదురుచూచిన ఆ నీరు 2021 మార్చిలో ఖాట్మండు చేరింది. జూన్‌లో వచ్చిన వరద నది ముఖాన కట్టిన నిర్మాణాలను రాళ్ళతో, ఒండ్రుతో కప్పివేసింది. తరువాతి సంవత్సరాలలో వానలు తగ్గిన నెలలలో నీరు తెచ్చి, వరదల కాలంలో ఆపుకొంటూ నెట్టుకువచ్చారు. నది వచ్చినందుకు ఆమా ఫోనులో ఎంతో సంతోషించింది. నీరు వచ్చిన దినాన కూడా కాచడం మానలేదని చెప్పింది. కొత్త నది పాత గొట్టాల గుండానే రావాలి కదా అన్నది ఆమె తర్కం. అందులో లోపమేమీ నాకు కనిపించలేదు.

తెలుగులో "కాచు" అన్న క్రియకు రెండు అర్థాలు. పొయ్యి మీద నీటిని కాస్తాము. పొలానికి, ఇంటికి కావలి కాస్తాము. హిందీలో ఈ రెండు పనులకూ వేరువేరు మాటలు ఉన్నాయి గనుక ఈ శ్లేషను నేను ఆ భాషలోనికి తీసుకుపోలేను. కాని దాని అర్థాన్ని తీసుకుపోగలను. ఊటను అడవి కాయాలి, గొట్టాన్ని నగరం కాయాలి, పరీక్షలను ప్రభుత్వం కాయాలి. వీరిలో ఎవరు నిద్రపోయినా ఆ భారమంతా చివరకు వంటింటిలోని ఒక స్త్రీ మీద పడుతుంది. ఆమె అర్ధరాత్రి పొయ్యి రాజేసి నీటిని కాయవలసి వస్తుంది. నీరు సురక్షితమైన దేశమంటే ఆ స్త్రీ నిశ్చింతగా నిద్రపోగలిగిన దేశమని నా అభిప్రాయం. అట్టి దేశాలు కొన్ని ఉన్నాయి. అవి పుట్టుకతో అట్టివి కావు. నీటిని కాచే పనిని అందరూ పంచుకొన్నందువలన అలా అయ్యాయి.